మైక్రోకంట్రోలర్‌ను కోడ్‌తోనే రీసెట్ చేయడం ఎలా: ఏ చిప్‌కి ఏ పద్ధతి, ముందూ వెనకా ఏం చూసుకోవాలి

రీసెట్ బటన్ ముట్టుకోకుండా, బోర్డులో నడుస్తున్న ప్రోగ్రామే బోర్డును మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలంటే ఎలా అని చాలామంది అడుగుతున్నారు. రీసెట్ చేయడానికి చాలా చిప్‌లలో ఒక్క లైను కోడ్ చాలు. చిక్కంతా దానికి ముందు సర్దాల్సిన వాటితో, బోర్డు మళ్లీ లేచాక చూసుకోవాల్సిన వాటితో వస్తుంది. అందుకే ఆ రెండింటికీ ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

ఫంక్షన్లు, రిజిస్టర్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. కోడ్‌లో మాత్రం మీ చిప్ హెడర్ ఫైల్‌లో ఉన్న స్పెల్లింగే వాడండి.

## 1. అసలు రీసెట్ అవసరమా?

రీసెట్ తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి:

- కొత్త ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) ఫ్లాష్ మెమరీలోకి ఎక్కింది, దాన్ని మొదలుపెట్టాలి.
- బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్‌ను చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) మోడ్‌లోకి వెళ్లాలి.
- హార్డ్ ఫాల్ట్ (ప్రాసెసర్ ముందుకు నడవలేని తప్పు) లాంటిది వచ్చింది, ఇక ఏ వేరియబుల్‌నీ నమ్మలేం.
- క్లాక్, రేడియో లాంటి సెట్టింగులు మారాయి, వాటిని మధ్యలో మార్చడం కష్టం.

మెనూలో మొదటి పేజీకి వెళ్లడానికో, నాలుగు కౌంటర్లు సున్నా చేయడానికో రీసెట్ కొట్టకండి. దానికి ఒక ఫంక్షన్ చాలు.

"రెండు రోజులకోసారి హ్యాంగ్ అవుతోంది, అందుకని రోజూ రాత్రి రీసెట్ పెట్టేశాను" అనేవాళ్లూ ఉన్నారు. తాత్కాలికంగా సరే. కానీ అట్‌మెగా328పీ చిప్ ఉన్న ఆర్డ్యునో ఊనోలో ర్యామ్ 2 కేబీ. అందులో స్ట్రింగ్ ఆబ్జెక్టులు పదేపదే కలిపి విడదీస్తుంటే మెమరీ ముక్కలైపోతుంది. అసలు జబ్బు అదైతే రీసెట్‌తో అది దాగుతుందే తప్ప పోదు.

## 2. జీరో అడ్రస్‌కి దూకడం రీసెట్ కాదు

సున్నాను ఫంక్షన్ పాయింటర్‌గా చేసి కాల్ చేసే చిట్కా ఆర్డ్యునో ట్యుటోరియల్స్‌లో విపరీతంగా కనిపిస్తుంది. చూడ్డానికి పనిచేసినట్టే ఉంటుంది, సెటప్ మళ్లీ నడుస్తుంది. కానీ హార్డ్‌వేర్‌కి రీసెట్ జరిగిన సంగతే తెలియదు.

స్టార్టప్ కోడ్ స్టాక్ పాయింటర్‌ను సరిచేస్తుంది, గ్లోబల్ వేరియబుల్స్‌ను మొదటి విలువలకు తెస్తుంది. అంతవరకే. టైమర్లు, యూఆర్టీ, ఏడీసీ, పిన్ల దిశలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. పాత టైమర్ ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపించి తన పని చేయించే హార్డ్‌వేర్ పిలుపు) ఇంకా ఆన్‌లోనే ఉండి, మీ సెటప్ సగంలో ఉండగా వచ్చి పడొచ్చు.

ఇంటరప్ట్ లోపలినుంచి దూకితే ఇంకా ఇబ్బంది. 8051 చిప్‌లో రెటీ ఇన్‌స్ట్రక్షన్ (ఇంటరప్ట్ నుంచి వెనక్కి వచ్చేది) నడవనిదే ఆ ఇంటరప్ట్ ముగిసినట్టు చిప్ లెక్కేసుకోదు. కాబట్టి అదే స్థాయి ఇంటరప్టులు, దానికన్నా కింది స్థాయివి మళ్లీ రావు. ఎస్‌టీఎం32 లాంటి కార్టెక్స్ ఎం చిప్‌లలోనూ ప్రాసెసర్ హ్యాండ్లర్ మోడ్‌లోనే (ఇంటరప్ట్ నడిపే స్థితిలోనే) ఉండిపోయి ఇదే పరిస్థితి వస్తుంది. మెయిన్ నడుస్తుంటుంది, టైమర్ మాత్రం పలకదు. ఆ తప్పు దొరకబుచ్చుకోవడానికి ఒక రోజు పోతుంది.

మీ చిప్‌లో సరైన రీసెట్ పద్ధతి ఉన్నప్పుడు ఈ చిట్కా జోలికి వెళ్లనక్కర్లేదు.

## 3. రీసెట్‌కి ముందు సర్దుకోవాల్సినవి

ఈ వరుస ముఖ్యం. రీసెట్ కోసం ఒకే ఒక్క ఫంక్షన్ రాసి, ప్రోగ్రామ్‌లో ఎక్కడ రీసెట్ కావాలన్నా దాన్నే పిలవండి.

అవుట్‌పుట్లు. చాలా చిప్‌లలో రీసెట్ కాగానే పిన్లు ఇన్‌పుట్‌గా మారి గాల్లో తేలతాయి. రిలే, మోటారు, హీటర్ ఉంటే ముందే ఆఫ్ చేయండి. అది కోడ్‌తో సగమే తీరుతుంది. మాస్‌ఫెట్ గేటుకి గ్రౌండ్‌వైపు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. లో (సున్నా వోల్టు) సిగ్నల్ ఇస్తే ఆన్ అయ్యే రిలే మాడ్యూల్‌కైతే పై వోల్టేజీవైపు ఉండాలి. బోరు మోటారు ఆటో స్టార్టర్లు సొంతంగా చేసుకునేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. రీసెట్ అయిన ప్రతిసారీ కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటే మోటారుకే ఎసరు.

ఈప్రామ్, ఫ్లాష్, ఎస్‌డీ కార్డు. ఊనో, నానోల్లో ఉండే ఏవీఆర్ చిప్‌లలో ఈప్రామ్ (కరెంటు పోయినా నిలిచే మెమరీ) బైటు ఒకటి రాయడానికి సుమారు 3.3 మిల్లీ సెకన్లు పడుతుంది. మధ్యలో రీసెట్ అయితే ఆ బైటు నమ్మదగినది కాదు. రాయడం పూర్తయ్యేదాకా ఆగండి. ఎస్‌డీ ఫైల్ తెరిచి ఉంటే మూసేయండి. ఈఎస్‌పీ చిప్‌లలో ఈప్రామ్ లైబ్రరీ నిజానికి ఫ్లాష్ మీద నడుస్తుంది, కమిట్ కాల్ చేయకపోతే ఏమీ సేవ్ కాదు.

సీరియల్. "రీస్టార్ట్ అవుతున్నా" అనే చివరి మెసేజ్ సగంలో తెగిపోతోందని చాలామంది అడుగుతారు. లెక్క చూడండి. 9600 బాడ్‌లో సెకనుకు 960 బైట్లు. వాచ్‌డాగ్ అంటే గడువులోపు ప్రోగ్రామ్ తట్టకపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమర్. దాని గడువు 16 మిల్లీ సెకన్లయితే ఆలోపు బయటికి వెళ్లేది 15 బైట్లు. మిగతావి బఫర్‌లోనే పోతాయి. ముందు ఫ్లష్ (బఫర్‌లోవన్నీ బయటికి వెళ్లేదాకా ఆగే ఫంక్షన్) కాల్ చేస్తే సరి.

బయటి మాడ్యూళ్లు. మీ చిప్ రీసెట్ అయితే పక్కనున్న జీఎస్ఎం మాడ్యూల్, డిస్‌ప్లే, సెన్సర్ రీసెట్ కావు. సిమ్800ఎల్ డేటా మోడ్‌లో ఉండిపోతే, కొత్తగా లేచిన మీ ప్రోగ్రామ్ పంపే ఏటీ కమాండ్‌కి జవాబివ్వదు. దాని రీసెట్ పిన్‌ను ఒక జీపీఐఓకి కలిపి, సెటప్‌లో ముందు దాన్ని రీసెట్ చేయండి.

కారణం. ఎందుకు రీసెట్ చేస్తున్నారో ఒక చిన్న అంకె రాసి పెట్టండి. 9వ అంశంలో దాని పని ఉంది.

ఇంటరప్టులు. అన్నిటికన్నా చివర ఆపండి. ముందే ఆపితే సీరియల్ ఫ్లష్ లాంటివి సరిగా నడవవు.

## 4. ఏవీఆర్: ఊనో, నానో, అట్‌మెగా328పీ

ఈ చిప్‌లో రీసెట్ ఇన్‌స్ట్రక్షన్ లేదు. సరైన దారి వాచ్‌డాగ్ టైమర్.

1. ఇంటరప్టులు ఆపండి. ఏదైనా ఇంటరప్ట్ రొటీన్ వాచ్‌డాగ్‌ను తట్టిలేపుతుంటే రీసెట్ ఎప్పటికీ జరగదు.
2. ఏవీఆర్ లిబ్‌సీ అనే లైబ్రరీలోని డబ్ల్యూడీటీ ఎనేబుల్‌ను అతి తక్కువ గడువుతో పిలవండి. ఆ గడువు పేరులో 15 అని ఉంటుంది, డేటాషీట్ ప్రకారం సుమారు 16 మిల్లీ సెకన్లు.
3. ఖాళీ అనంత లూప్‌లో ఆగండి.

రిజిస్టర్‌లోకి నేరుగా రాయాలనుకుంటే జాగ్రత్త. మార్పుకి అనుమతి బిట్ పెట్టాక నాలుగు క్లాక్ సైకిళ్లలోపే కొత్త విలువ రాయాలి. లైబ్రరీ ఫంక్షన్ ఆ పని చూసుకుంటుంది, దాన్నే వాడండి.

ఇక అందరూ పడే గుంట. వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత ఈ చిప్‌లో వాచ్‌డాగ్ ఆన్‌లోనే ఉంటుంది, అదీ అతి తక్కువ గడువుతో. మీ ప్రోగ్రామ్ గానీ బూట్‌లోడర్ గానీ 16 మిల్లీ సెకన్లలోపు దాన్ని ఆపకపోతే మళ్లీ రీసెట్, మళ్లీ రీసెట్. పాత బూట్‌లోడర్ ఉన్న నానోల్లో 13వ పిన్ ఎల్ఈడీ వేగంగా మిణుకుమిణుకుమంటూ, ప్రోగ్రామ్ మొదలవక, కొత్తది అప్‌లోడ్ కాక మొండికేసేది ఇందుకే.

విరుగుడు ఇలా:

- మొదట రీసెట్ కారణం చెప్పే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్ విలువను ఒక వేరియబుల్‌లో దాచండి.
- ఆ రిజిస్టర్‌ను సున్నా చేయండి. అందులోని డబ్ల్యూడీఆర్ఎఫ్ (వాచ్‌డాగ్ రీసెట్ జరిగిందని చెప్పే) బిట్ ఉన్నంతసేపూ వాచ్‌డాగ్‌ను ఆపడం కుదరదు.
- ఆ తర్వాతే వాచ్‌డాగ్‌ను ఆపండి.

ఇదంతా సెటప్‌లో పెడితే ఆలస్యం కావచ్చు. స్టార్టప్ కోడ్‌లోని ఇనిట్3 సెక్షన్‌లో చిన్న నేకెడ్ ఫంక్షన్‌గా (కంపైలర్ తనవైపునుంచి ఏ కోడూ చేర్చనిది) పెట్టడం మేలు, అది మెయిన్ కన్నా ముందే నడుస్తుంది. ఒక మెలిక ఉంది. గ్లోబల్ వేరియబుల్స్‌ను సున్నా చేసే పని ఇనిట్4లో జరుగుతుంది. ఇనిట్3లో దాచిన విలువ మామూలు గ్లోబల్‌లో ఉంటే మరుక్షణం చెరిగిపోతుంది. దాన్ని స్టార్టప్ కోడ్ ముట్టుకోని నోఇనిట్ సెక్షన్‌లో పెట్టాలి.

బూట్‌లోడర్ తనవంతు సరిగా చేయకపోతే ఇది కూడా చాలదు, ఎందుకంటే బూట్‌లోడర్ మీ కోడ్ కన్నా ముందు నడుస్తుంది. అప్పుడు ఇంకో ఆర్డ్యునోను ప్రోగ్రామర్‌గా పెట్టి ఆప్టీబూట్ అనే కొత్త బూట్‌లోడర్ ఎక్కించుకోవడమే దారి. ఆప్టీబూట్ మాత్రం ఎంసీయూఎస్ఆర్‌ను తానే చెరిపేస్తుంది. కొత్త వెర్షన్లు పాత విలువను ఆర్2 రిజిస్టర్‌లో అందిస్తాయి.

నానో ఎవ్రీలో ఉండే అట్‌మెగా4809, కొత్త టైనీఏవీఆర్ చిప్‌లు వాడేవాళ్లకు ఈ తంటా లేదు. రీసెట్ కంట్రోల్ భాగంలో సాఫ్ట్‌వేర్ రీసెట్ రిజిస్టర్ ఉంది. ప్రొటెక్టెడ్ రైట్ మాక్రోతో అందులో 1 రాస్తే చాలు.

## 5. కార్టెక్స్ ఎం: ఎస్‌టీఎం32 తదితరాలు

ఈ చిప్‌లకు వాడే సీఎంసిస్ లైబ్రరీలో ఎన్‌విక్ సిస్టమ్‌రీసెట్ అనే ఫంక్షన్ ఉంది. అది ఏఐఆర్‌సీఆర్ రిజిస్టర్‌లో 05ఎఫ్ఏ అనే తాళపు విలువతో పాటు 2వ బిట్ రాస్తుంది. రాసేముందు డీఎస్‌బీ ఇన్‌స్ట్రక్షన్‌తో పెండింగ్ రైట్లు పూర్తయ్యేలా చూస్తుంది, రాశాక లూప్‌లో ఆగుతుంది. సొంతంగా రాయాలని సరదా పడకండి, రెడీగా ఉన్నదాన్నే వాడండి.

ఎం3, ఎం4లలో వెక్ట్‌రీసెట్ అనే 0వ బిట్ కూడా కనిపిస్తుంది. అది డీబగ్గర్ కోసం పెట్టింది, ముట్టుకోవద్దు.

ఎస్‌టీఎం32లో మూడు సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది ఎన్ఆర్ఎస్‌టీ, అంటే రీసెట్ పిన్. లోపలి రీసెట్ కూడా ఆ పిన్‌ను కాసేపు కిందికి లాగుతుంది. ఎవరైనా దాన్ని పై వోల్టేజీకి నేరుగా కట్టేసినా, బయటి చిప్ పుష్‌పుల్ అవుట్‌పుట్‌తో గట్టిగా పైకి పట్టుకున్నా సాఫ్ట్‌వేర్ రీసెట్ సరిగా జరగదు. కోడ్ ఎంత గాలించినా తప్పు దొరకదు, సర్క్యూట్ చూడాలి.

రెండోది క్యాష్, అంటే ర్యామ్‌కి ముందుండే చిన్న వేగపు మెమరీ. ఎం7 చిప్‌లలో, అంటే ఎఫ్7, హెచ్7 వరుసల్లో, డేటా క్యాష్ ఆన్‌లో ఉంటే మీరు ర్యామ్‌లో రాసిన గుర్తు అంకె ఇంకా క్యాష్‌లోనే ఉండొచ్చు. రీసెట్‌తో అది గాల్లో కలిసిపోతుంది. రీసెట్‌కి ముందు క్యాష్ క్లీన్ చేయండి (అందులోవి ర్యామ్‌లోకి రాయించండి), లేదా ఆ అంకెను క్యాష్ వర్తించని డీటీసీఎంలో పెట్టండి.

మూడోది బూట్‌లోడర్‌లోకి వెళ్లడం. నడుస్తున్న ప్రోగ్రామ్ మధ్యలోంచి దూకితే క్లాకులు, ఇంటరప్టులు అడ్డం పడతాయి. ముందు రీసెట్‌తో చెరగని బ్యాకప్ రిజిస్టర్‌లో గుర్తు రాసి రీసెట్ కొట్టండి. లేవగానే, క్లాకులేవీ మార్చకముందే, ఆ గుర్తు చూసి, చెరిపి, అప్పుడు దూకండి.

## 6. ఈఎస్‌పీ32, ఈఎస్‌పీ8266

ఈఎస్‌పీ32లో ఈఎస్‌పీ రీస్టార్ట్ ఫంక్షన్ సరిపోతుంది. రీస్టార్ట్‌కి ముందు నడవాల్సిన పనుల్ని షట్‌డౌన్ హ్యాండ్లర్‌గా రిజిస్టర్ చేసే సౌకర్యమూ ఉంది. ఎన్‌వీఎస్‌లో (ఫ్లాష్‌లో సెట్టింగులు దాచే చోట) రాసినవి కమిట్ చేయడం మాత్రం మరవకండి.

ఈ రీస్టార్ట్ అన్ని పెరిఫెరల్స్‌నూ తుడిచేయదు, ఆర్‌టీసీ భాగం అలాగే ఉంటుంది. ఏదైనా పెరిఫెరల్ రీస్టార్ట్ తర్వాత కూడా మొండికేస్తే చిన్న డీప్ స్లీప్‌లోకి పంపి లేపండి. అప్పుడు డిజిటల్ భాగానికి కరెంటే ఆగిపోయి కొత్తగా మొదలవుతుంది.

ఈఎస్‌పీ8266తో తరచూ వచ్చే టెన్షన్ ఒకటుంది. సీరియల్‌తో అప్‌లోడ్ చేసిన వెంటనే రీస్టార్ట్ కాల్ చేస్తే బోర్డు హ్యాంగ్ అవుతుంది. బోర్డు పాడవలేదు. అప్‌లోడ్ కోసం పెట్టిన బూట్ మోడే దానికింకా గుర్తుంది. అప్‌లోడ్ తర్వాత ఒక్కసారి బటన్‌తో రీసెట్ చేయండి లేదా కరెంటు తీసి పెట్టండి. ఆ తర్వాత రీస్టార్ట్ బాగానే పనిచేస్తుంది.

## 7. మిగతావి

పైకో, ఆర్‌పీ2040. ఎస్‌డీకేలోని వాచ్‌డాగ్ రీబూట్‌ను మూడు సున్నాలతో పిలవండి. రీసెట్ యూఎస్‌బీ బూట్ ఫంక్షన్ బటన్ నొక్కకుండానే బూట్‌సెల్ (యూఎస్‌బీతో ప్రోగ్రామ్ ఎక్కించే) మోడ్‌లోకి తీసుకెళ్తుంది. వాచ్‌డాగ్‌కి ఎనిమిది స్క్రాచ్ రిజిస్టర్లు ఉన్నాయి, రీబూట్ తర్వాతా విలువలు నిలుస్తాయి. 4 నుంచి 7 వరకు ఎస్‌డీకే వాడుకుంటుంది, మీరు 0 నుంచి 3 వాడండి.

పిక్. పిక్18లోనూ, మెరుగైన పిక్16ఎఫ్1 వరుసలోనూ రీసెట్ అనే ఇన్‌స్ట్రక్షనే ఉంది. కాలేజీ ల్యాబుల్లో కనిపించే 16ఎఫ్877ఏలో అది లేదు. కాన్ఫిగరేషన్‌లో వాచ్‌డాగ్ ఆన్ చేసి, దాన్ని తట్టడం ఆపి లూప్‌లో కూర్చోవాలి.

8051. ఏటీ89ఎస్52లో వాచ్‌డాగ్ ఉంది. డబ్ల్యూడీటీఆర్ఎస్‌టీలో హెక్స్‌లో 1ఈ, ఆ వెంటనే ఈ1 రాస్తే మొదలవుతుంది. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో సుమారు 16 మిల్లీ సెకన్లకు రీసెట్ చేస్తుంది. పాత ఏటీ89సీ51లో వాచ్‌డాగ్ లేదు.

ఎంఎస్‌పీ430. వాచ్‌డాగ్ రిజిస్టర్‌లో తప్పు పాస్‌వర్డ్ రాస్తే చాలు, పీయూసీ అనే రీసెట్ వస్తుంది. అది అన్నిటినీ తుడవదు. పూర్తి రీసెట్ కావాలంటే, పీఎంఎం (పవర్ చూసుకునే) భాగం ఉన్న చిప్‌లలో సాఫ్ట్‌వేర్ బీఓఆర్ (బ్రౌన్‌అవుట్ రీసెట్) బిట్ వాడండి.

## 8. పిన్‌ను రీసెట్‌కి వైరుతో కలపడం

ఒక డిజిటల్ పిన్‌ను రీసెట్ పిన్‌కి కలిపి లో చేయడం మరో పాపులర్ చిట్కా. రీసెట్ మొదలవగానే ఆ పిన్ ఇన్‌పుట్‌గా మారి లాగడం మానేస్తుంది. అట్‌మెగా328పీకి రీసెట్ పల్స్ కనీసం 2.5 మైక్రో సెకన్లు ఉండాలి. ఈ పద్ధతిలో అంత ఉంటుందన్న హామీ లేదు. ఈ బోర్డులో పనిచేసింది పక్క బోర్డులో పనిచేయకపోవచ్చు.

మొత్తం బోర్డు, మాడ్యూళ్లతో సహా, ఒకేసారి రీసెట్ కావాలంటే బయట ఒక సూపర్‌వైజర్ లేదా వాచ్‌డాగ్ చిప్ పెట్టండి. పల్స్ ఎంతసేపు ఉండాలో అదే చూసుకుంటుంది.

## 9. లేచాక మొదటి పని: కారణం చదవడం

చిప్‌లో రీసెట్ కారణం చెప్పే ఫ్లాగులు ఉంటాయి. చదవండి, దాచుకోండి, చెరపండి. చెరపకపోతే పాతవాటిమీద కొత్తవి పేరుకుని ఏది తాజాదో తెలియదు.

ఎస్‌టీఎం32లో చదివే వరుస ముఖ్యం. ఇందాక చెప్పినట్టు లోపలి రీసెట్ కూడా పిన్‌ను లాగుతుంది కనుక పిన్ ఫ్లాగ్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది. దాన్ని ముందు చూస్తే ప్రతి రీసెట్‌నూ ఎవరో బటన్ నొక్కారనుకుంటారు. వాచ్‌డాగ్, సాఫ్ట్‌వేర్, పవర్ ఫ్లాగులు ముందు చూసి, పిన్ ఫ్లాగ్‌ను ఆఖర్న చూడండి. ఆర్‌ఎంవీఎఫ్ బిట్‌తో అన్నీ చెరుగుతాయి.

ఏవీఆర్‌లో మీరు కావాలని కొట్టిన రీసెట్, ప్రోగ్రామ్ హ్యాంగై వచ్చిన రీసెట్ రెండూ వాచ్‌డాగ్‌గానే కనిపిస్తాయి. 3వ అంశంలో రాసుకున్న కారణం అంకె ఇక్కడ అక్కరకొస్తుంది. నోఇనిట్‌లో ఒక మ్యాజిక్ నంబర్, దాని పక్కన కారణం పెట్టండి. మ్యాజిక్ సరిపోతేనే కారణాన్ని నమ్మండి, చదవగానే చెరపండి. కరెంటు పోయి వస్తే ర్యామ్‌లో చెత్త ఉంటుంది, మ్యాజిక్ సరిపోదు.

ఫ్లాగ్ బ్రౌన్‌అవుట్ (వోల్టేజీ పడిపోయింది) అని చెబితే కోడ్ వెతకడం ఆపి సప్లై చూడండి. సిమ్800ఎల్ సిగ్నల్ పంపేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న వైర్లు, చిన్న అడాప్టర్ ఉంటే వోల్టేజీ పడి బోర్డు దానంతటదే రీసెట్ అవుతుంది.

## 10. రీసెట్ వలయంలో పడకుండా

సెన్సర్ దొరక్కపోతే రీసెట్ అని రాశారు. సెన్సర్ వైరే ఊడిపోయింది. ఇక బోర్డు రోజంతా రీసెట్ అవుతూనే ఉంటుంది. లెక్కను ఈప్రామ్‌లో రాస్తుంటే ఇంకా నష్టం. ఏవీఆర్ ఈప్రామ్‌కి హామీ ఒక చోట 1,00,000 రాతలు. సెకనుకోసారి రాస్తే ఒకటిన్నర రోజు కూడా పట్టదు.

అందుకే కౌంటర్ నోఇనిట్ ర్యామ్‌లో పెట్టండి. రీసెట్ కొట్టేముందు ఒకటి పెంచండి. లేచాక ఒక నిమిషం సాఫీగా నడిస్తే సున్నా చేయండి. వరుసగా ఐదు దాటితే రీసెట్ మానేసి, అవుట్‌పుట్లన్నీ ఆఫ్ చేసి, ఎల్ఈడీతో ఎర్రర్ చూపిస్తూ అలాగే ఉండండి.

## 11. తరచూ వచ్చే తిప్పలు, పరిష్కారాలు

రీసెట్ కాల్ చేసినా ఏమీ జరగడం లేదు. ఏదో ఇంటరప్ట్ వాచ్‌డాగ్‌ను తడుతోంది. లేదా డీబగ్గర్ తగిలించి ఉంది, దాని సెట్టింగు వాచ్‌డాగ్‌ను ఆపి పెట్టింది. డీబగ్గర్ తీసేసి చూడండి.

రీసెట్ తర్వాత ఐ2సీ సెన్సర్ పలకడం లేదు. సెన్సర్ ఒక బైటు పంపుతుండగా మీరు రీసెట్ అయ్యారు. అది డేటా లైన్‌ను లో స్థాయిలో పట్టుకుని మిగతా క్లాకుల కోసం ఎదురుచూస్తోంది. ఐ2సీ మొదలుపెట్టేముందు క్లాక్ పిన్‌ను మామూలు పిన్‌గా తీసుకుని తొమ్మిది పల్సులు ఇచ్చి, స్టాప్ కండిషన్ ఇవ్వండి. లైను విడిచిపెడుతుంది.

వేరియబుల్ విలువ నిలవడం లేదు. నోఇనిట్ అని రాశారు కానీ లింకర్ స్క్రిప్టులో ఆ సెక్షన్ లేదు. మ్యాప్ ఫైల్ తెరిచి ఆ వేరియబుల్ ఎక్కడ కూర్చుందో చూడండి.

పీసీలో పోర్టు మాయమైంది. యూఎస్‌బీ చిప్ లోపలే ఉన్న బోర్డుల్లో రీసెట్ అయితే పోర్టు పోయి మళ్లీ రావడం మామూలే. పీసీలోని ప్రోగ్రామ్ పోర్టును తిరిగి తెరిచేలా రాసుకోవాలి.

## 12. ఫీల్డులో పెట్టేముందు చెక్‌లిస్ట్

- రీసెట్ అంతా ఒకే ఫంక్షన్ గుండా వెళ్తోందా?
- రిలే, మోటారు పిన్లకు పుల్‌అప్ లేదా పుల్‌డౌన్ రెసిస్టర్ ఉందా? రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని ఆ పిన్ మీద మల్టీమీటర్ పెట్టి చూడండి.
- వాచ్‌డాగ్‌ను మెయిన్ లూప్‌లోనే తడుతున్నారా? టైమర్ ఇంటరప్ట్‌లో తడితే మెయిన్ హ్యాంగైనా వాచ్‌డాగ్‌కి తెలియదు.
- కరెంటు తీసి పెట్టడం, బటన్, సాఫ్ట్‌వేర్ రీసెట్, కావాలని పెట్టిన అనంత లూప్: ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు కారణాలు లాగ్‌లో కనిపిస్తున్నాయా?
- సెన్సర్ వైరు పీకేస్తే ఐదు రీసెట్ల తర్వాత బోర్డు సేఫ్ మోడ్‌లో ఆగుతోందా?
- పాత నానో అయితే, రీసెట్ కోడ్ ఎక్కించాక కొత్త ప్రోగ్రామ్ ఇంకా అప్‌లోడ్ అవుతోందా? బోర్డును డబ్బాలో బిగించకముందే చూసుకోండి.
- ఐదు రీసెట్ల హద్దు తీసేసి, ప్రతి పది సెకన్లకోసారి రీసెట్ కొట్టే టెస్ట్ ప్రోగ్రామ్‌ను ఒక రాత్రి నడపండి. కౌంటర్‌ను సీరియల్‌లో ప్రింట్ చేయిస్తే, అంకె ఎక్కడైనా తెగిందేమో, మాడ్యూల్ ఎన్నో రీసెట్ దగ్గర పలకడం మానేసిందో పొద్దున్నే లాగ్‌లో దొరుకుతుంది.